పురిటికి వెళ్ళే అమ్మ, ఆరు నెలల మందులు

అమ్మాయి పురుడనో, అబ్బాయి ఇల్లు కొన్నాడనో, మనవడు కాస్త పెద్దయ్యేదాకా చూసుకోవాలనో, ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అమెరికా ప్రయాణం కట్టడం మామూలైపోయింది. వెళితే పది రోజులకీ పదిహేను రోజులకీ కాదు. అంత డబ్బు పోసి టిక్కెట్టు కొన్నాక, ఉండనిచ్చినన్నాళ్ళూ, అంటే సాధారణంగా ఆరు నెలలూ, ఉండే వస్తారు. ఆవకాయ కారకుండా ఎలా కట్టాలో, కందిపొడి ఎన్ని కిలోలు పట్టుకెళ్ళాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెట్టెలు తూకం వేసి మరీ సర్దుతాం. మందుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, బయల్దేరే ముందురోజు సాయంత్రం వీధి చివరి షాపుకి మనిషిని పంపి, ‘అమ్మ ఎప్పుడూ వాడేవే, ఆరు నెలలకి ఇమ్మను’ అంటాం. ఈవేళ ఆ మందుల మూట సంగతి కాస్త మాట్లాడుకుందాం, సోదరీమణులారా!

బి.పి., చక్కెర వ్యాధి, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు - నడివయసు దాటినవారిలో వీటిలో ఒకటో రెండో ఉన్నవాళ్ళే ఎక్కువగా కనిపిస్తున్నారు. మీరేం మందులు వాడుతున్నారండీ అని అడిగి చూడండి. ‘పొద్దున్నే పరగడుపున చిన్నది, టిఫినయ్యాక తెల్లది, రాత్రి పడుకోబోయే ముందు గులాబీ రంగుది’ అంటారు. ఇక్కడ ఆ మాత్రం చాలు. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే షాపతను అలాంటిదే తీసి చేతిలో పెడతాడు. సముద్రం దాటాక ఆ పప్పులుడకవు. మన డాక్టరుగారి చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. అక్కడి డాక్టరే మళ్ళీ వ్రాసివ్వాలి. ఆ డాక్టరుకేమో మన కంపెనీల పేర్లు తెలియవు.

మందుకు రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీవారు పెట్టుకున్న ముద్దు పేరు. రెండోది అసలు పేరు. థైరోనార్మ్ అన్నా, ఎల్ట్రాక్సిన్ అన్నా లోపల ఉన్నది లీవోథైరాక్సినే. ముద్దు పేర్లను నమ్ముకుంటే ఒక్కోసారి ప్రమాదం కూడాను. ప్రోస్టేటు బాధకు మన మగవారు యురిమాక్స్ అని వేసుకునే మందు అసలు పేరు టామ్సులోసిన్. అమెరికాలో అదే మందు ఫ్లోమాక్స్ పేరుతో ప్రసిద్ధి. కాని ఇటలీలో ఫ్లోమాక్స్ పేరుతో అమ్ముతూ వచ్చింది పూర్తిగా వేరే మందు, వాపులకిచ్చేది. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థే ఈ సంగతి చెప్పి ప్రజలను హెచ్చరించింది.

ఇంతా చేసి, అసలు పేర్లు కూడా కొన్ని దేశాన్ని బట్టి మారతాయి. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. చక్కెర వ్యాధికిచ్చే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. ఇందులో పారాసెటమాల్ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోండి. జ్వరమొచ్చిందని మన డోలో వేసుకుంటాం. జలుబు కూడా ఉందని అల్లుడుగారు అక్కడి సిరప్ ఏదో తెచ్చిస్తారు. అందులోనూ ఎసిటమినోఫెన్ ఉండవచ్చు. రెండూ ఒకటేనని తెలియక రోజుల తరబడి కలిపి మింగితే దెబ్బ తినేది కాలేయం.

అంచేత ప్రయాణానికి రెండు నెలల ముందు, విమానం టిక్కెట్టుతో పాటే, డాక్టరుగారి దగ్గర ఒక కాగితం సంపాదించుకోవాలి. ఏ జబ్బు, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, తిండికి ముందా తరువాతా - ఇవన్నీ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో, వీలైతే టైపు చేయించి, సంతకం, ముద్రలతో తీసుకోండి. పడని మందులేవైనా ఉంటే అవీ వ్రాయించండి. ఇక్కడ మన తెలుగువాళ్ళకో చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు, తోకలతో సహా పూర్తిగా ఉంటాయి. డాక్టరుగారి చీటీ మీద ‘లక్ష్మి, 62’ అని ఉంటుంది. ఈ లక్ష్మిగారూ ఆ పాస్‌పోర్టులోని ఆవిడా ఒకరేనని కస్టమ్స్ అధికారికి ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు పట్టుకెళ్ళి, అందులో ఉన్నట్లే పేరు వ్రాయించండి. పనిలో పనిగా రక్త పరీక్షలు కూడా అప్పుడే చేయించుకుంటే, మోతాదు మార్చవలసి వచ్చినా ఇక్కడే తేలిపోతుంది. ఆరు నెలల మందు కొన్నాక మోతాదు మారిస్తే ఆ డబ్బంతా దండగ.

ఇహ లెక్క. అమెరికావారి నియమం ప్రకారం సొంత వాడకానికి సాధారణంగా 90 రోజుల మందులు వెంట తీసుకెళ్ళవచ్చు. మన బస ఆరు నెలలు. ‘మా వియ్యపురాలు ఆరు నెలలకీ కట్టుకెళ్ళింది, ఎవరూ అడగలేదు’ అనేవారున్నారు. అడగకపోవచ్చు. అడిగిననాడు జవాబు చెప్పుకోవలసింది వియ్యపురాలు కాదు, మీరు. మిగతా మూడు నెలల మందులు తరువాత పార్సెల్‌లో తెప్పించుకోవడానికి అక్కడి ఔషధ సంస్థ దారి ఇచ్చింది. ఆ పార్సెల్‌లో డాక్టరుగారి ఉత్తరం, చీటీ, మీ పాస్‌పోర్టు, వీసా నకళ్ళు పెట్టాలి. అంచేత వీటన్నిటి నకళ్ళూ ఒక కవరులో వేసి, ఇక్కడ పార్సెల్ పంపబోయే చెల్లెలికో మరిదికో ఇచ్చి మరీ బయల్దేరండి. కస్టమ్స్‌లో ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేం గనక మందు అయిపోవడానికి నెల ముందే పంపించాలి. ఇంకో దారి, అక్కడే డాక్టరును చూడటం. ఫీజు బరువుగానే ఉంటుంది. పర్యాటకుల ఇన్సూరెన్సులు పాత జబ్బులకు చాలామటుకు డబ్బివ్వవు, పాలసీ చదివి చూసుకోండి. అయితే మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ వంటి పాత మందులు అక్కడ కూడా కొన్ని పెద్ద షాపుల్లో నెలకు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. ఈ సంగతి తెలియక బెంబేలెత్తేవారు చాలామంది. ఆస్ట్రేలియా వెళ్ళేవారికి కూడా మూడు నెలల లెక్కే.

మందులు ఖాళీ సీసాల్లో పోసుకోకుండా, కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉంచండి. స్ట్రిప్పును ముక్కలుగా కత్తిరించకండి, గడువు తేదీ ఉన్న ముక్క ఎటో పోతుంది. కొన్న బిల్లు పారెయ్యకండి. తిరిగి వచ్చే తేదీకి ఇంకో నెల దాటి గడువున్నవే అడిగి తీసుకోండి. 2020 మార్చి 23న మన దేశానికి విమానాలు ఆగిపోయినప్పుడు, రేపో మాపో వచ్చేద్దామనుకున్న తల్లిదండ్రులెందరో పరాయి దేశాల్లో చిక్కుపడ్డారు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాక కూడా సీటు దొరకడం కష్టమైంది. సరిగ్గా ఆఖరి రోజుకు ఆఖరి మాత్ర అన్న లెక్క అలాంటప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. అక్కడ చేతిలో ఎప్పుడూ పదిహేను రోజుల మందు మిగిలి ఉండాలి.

కొన్ని మందులు అక్కడ డబ్బు పెట్టినా దొరకవు. రక్తం గడ్డకట్టకుండా గుండె జబ్బువారు వాడే ఎసిట్రామ్ అమెరికాలో లేదు, అక్కడ వార్‌ఫరిన్ ఇస్తారు. రెండింటి మోతాదూ ఒకటి కాదు. ఒకదాని బదులు రెండోది సొంతంగా వేసుకోవడమంటే ప్రాణంతో చెలగాటమే. చక్కెర వ్యాధికి వాడే గ్లిక్లజైడ్, వోగ్లిబోస్ కూడా అక్కడ లేవు. ఒంటి నొప్పులకు మనం తేలిగ్గా మింగేసే నిమెసులైడ్ కూడా అక్కడ అనుమతి లేనిదే. మీ జాబితాలో ఇలాంటివి ఉన్నాయేమో బయల్దేరే ముందే డాక్టరుగారిని అడగండి. అవసరమైతే అన్నిచోట్లా దొరికే మందుకు ఇక్కడుండగానే మారి, ఒంటికి పడిందో లేదో చూసుకుని వెళ్ళవచ్చు.

ఇన్సులిన్ వేసుకునేవారు ఈ మాట మరీ శ్రద్ధగా వినాలి. మన దేశంలో ఎక్కువగా వాడే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. సిరంజి మీద గీతలు కూడా దానికి సరిపడేలాగే ఉంటాయి. అమెరికాలో మామూలుగా దొరికే సీసాలో 100 యూనిట్లు. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన సిరంజితో అక్కడి సీసాలోంచి 20 గీత దాకా తీశారనుకోండి, ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు! మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. తలకిందులుగా, అక్కడి సిరంజితో మన సీసాలోంచి 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే, చక్కెర చూస్తుండగా పెరిగిపోతుంది. సీసా ఏ దేశానిదైతే సిరంజి కూడా ఆ దేశానిదే కావాలి. మన దగ్గర కూడా పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలు 100 యూనిట్లవే గనక, పెన్ను వాడేవారికి ఈ బెడద లేదు. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టకండి. విమానం అడుగున చలికి గడ్డకడితే అది పనికిరాదు. చేతిసంచీలోనే ఉండాలి, సూదులకు డాక్టరుగారి ఉత్తరం తోడుండాలి. అన్నట్టు, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాల్లో చక్కెర కొలత వేరు. అక్కడి మీటరులో 7 అని వస్తే మురిసిపోకండి, 18తో గుణించండి. మన లెక్కలో అది 126.

నిద్ర పట్టదని ఆల్ప్రాక్స్, నడుము నొప్పికి ట్రమడాల్, దగ్గుకు కొడీన్ కలిసిన సిరప్ - ఇవి మనకు మామూలు మందులుగానే తోస్తాయి. చాలా దేశాల్లో ఇవి మత్తు మందుల చట్టం కిందికి వస్తాయి. మన దేశంలో కూడా ట్రమడాల్‌ను 2018లో ఆ చట్టంలో చేర్చారు. దుబాయి, అబుదాబి వెళ్ళేవారు ఇలాంటి మందులకు అక్కడి ప్రభుత్వ అనుమతి ముందుగానే తీసుకోవాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారి చేతికి ‘ఇది మావాడికివ్వండి’ అంటూ మందుల పొట్లాలు పంపడం మనకు అలవాటు. ఎవరో ఇచ్చిన పొట్లం మోసుకెళ్ళి చిక్కుల్లో పడేది ఆ మోసినవారే. మొహమాటం లేకుండా కాదనండి.

విమానంలో మందుల వేళలు తారుమారవుతాయి. ఇక్కడ ఉదయం ఎనిమిదైనప్పుడు, వేసవిలో డల్లాస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఏ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో, ఇన్సులిన్ ఎలా మార్చుకోవాలో డాక్టరుగారి చేత కాగితం మీద వ్రాయించుకోండి. ఒక పూట తప్పిందని తరువాతి పూట రెండు వేసుకోకూడదు. చక్కెర మాత్ర, భోజనం ట్రే ముందుకు వచ్చాకనే వేసుకోండి. గోంగూర దొరకదు గనక ఆ ట్రేలోది సయించక వదిలేసేవాళ్ళం మనం. మాత్ర మింగి తిండి మానేస్తే కళ్ళు తిరుగుతాయి.

చివరకు అక్కడ చేరాక ఉండే కష్టం ఒకటుంది, అది మన స్వభావంలోనే ఉంది. మా కాలనీలో ఒక పెద్దావిడ కూతురి పురిటికి వెళ్ళారు. గుండె దడకూ బి.పి.కీ మెటోప్రొలాల్ వాడేవారు. నాలుగో నెలలో చూసుకుంటే స్ట్రిప్పులు తగ్గాయి. అమ్మాయి బాలింత, అల్లుడికి ఆఫీసులో ఒత్తిడి, డాక్టరంటే డాలర్లు, ఎందుకొచ్చిన గొడవ అని ఎవరికీ చెప్పకుండా మాత్రను సగం చేసి వేసుకున్నారు. తరువాత రోజు విడిచి రోజు. మేడమెట్లు ఎక్కుతూ ఆయాసంతో కూర్చుండిపోతే అప్పుడు బయటపడింది. ఇలాంటి మందును ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురు తిరుగుతుంది, ఛాతీ నొప్పి రావచ్చు, గుండెపోటుకు కూడా దారి తీయవచ్చు. వేళకు చూశారు గనక ఆవిడ తేరుకున్నారు. ఆ కూతురు మా ఇంటికొచ్చినప్పుడు అన్న మాట, ‘డబ్బు గురించి కాదు పిన్నిగారూ, అమ్మ నాకు చెప్పలేదనే బాధ’ అని. అందుకే వెళ్ళిన మొదటి వారంలోనే అమ్మాయినో కోడలినో పక్కన కూర్చోబెట్టుకుని, స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, ఏది ఎప్పటికి అయిపోతుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి. మీరు చెప్పలేకపోతే క్యాలెండరు చెబుతుంది.

ఆ పరిచిన స్ట్రిప్పులను మాత్రం వెంటనే ఎత్తెయ్యండి. అక్కడి మందు సీసాల మూతలు పిల్లలకు రాకుండా బిగుతుగా తయారు చేస్తారు. మన స్ట్రిప్పులనూ, వారానికి సరిపడా గదుల ప్లాస్టిక్ డబ్బానూ మూడేళ్ళ మనవడు కూడా తెరిచెయ్యగలడు. అమ్మమ్మ చక్కెర మాత్ర ఒక్కటి పసివాడి ఒంట్లోకి పోయినా ప్రమాదమే. తలగడ కింద, పూజ అరలో, చేతిసంచీలో కాక, తాళం ఉన్న పై అరలో పెట్టండి. పొరపాటున మింగాడని అనుమానం వచ్చినా, అమెరికాలో విష చికిత్స సలహా కేంద్రం నంబరు 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు అడగరు. బిడ్డ స్పృహలో లేకపోతే 911. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ తలుపు మీద అతికించమని వెళ్ళిన రోజే అమ్మాయితో చెప్పండి.