ఎగ్ ఫ్రీజింగ్... ఎన్ని దాస్తే చాలు?

ఆఫర్ లెటర్ ఇంకా చేతికే రాలేదు, అప్పుడే పిల్లల గురించి ఆలోచనా అనుకుంటున్నారా? ఉద్యోగినుల ఎగ్ ఫ్రీజింగ్‌కు 20 వేల డాలర్ల వరకు ఇస్తామని ఫేస్‌బుక్, యాపిల్ ముందుకొచ్చిన విషయం 2014లోనే వార్తల్లోకెక్కింది. అప్పటి నుంచి ఇది కెరియర్ కబుర్లలో భాగమైపోయింది. 2025లో ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులతో మాట్లాడుతూ ఉపాసన కొణిదెల దీన్ని బీమాతో పోల్చాక మన దగ్గరా పెద్ద చర్చే నడిచింది. సరే, ఇంతకీ ఎన్ని అండాలు దాచాలి?

వయసును బట్టే లెక్క

అమెరికా పరిశోధకులు 2017లో ఒక అంచనా ప్రచురించారు. దాని ప్రకారం 20 పక్వ అండాలు దాస్తే, కనీసం ఒక బిడ్డ పుట్టే అవకాశం 34 ఏళ్లకు 90 శాతం, 37 ఏళ్లకు 75 శాతం, 42 ఏళ్లకు 37 శాతం. దాచిన అండాలు అన్నే, తేడా అంతా వయసుదే!

ఒక్క బిడ్డకు ఇన్ని ఎందుకంటారా? సేకరించినవన్నీ పక్వమైనవి కావు. గడ్డకట్టించి మళ్లీ కరిగించేటప్పుడు కొన్ని పోతాయి. మిగిలినవన్నీ ఫలదీకరణ చెందవు, పిండాలైనవన్నీ గర్భంలో నిలవవు. దాదాపు పది, పన్నెండు రోజులు ఇంజక్షన్లు తీసుకున్నా ఒక్క విడతలో అనుకున్నన్ని రాకపోవచ్చు. రెండో విడత అంటే ఖర్చూ, శ్రమా మళ్లీ మొదటికే. బీమాలో క్లెయిమ్‌కు హామీ ఉంటుంది. ఇక్కడ ఉన్నది అవకాశం మాత్రమే.

ఇప్పుడే పరుగెత్తాలా?

అక్కర్లేదు. ఇరవైల్లో అండాల నాణ్యత బాగుంటుంది, నిజమే. కానీ ఆ వయసులో దాచినవారిలో చాలామందికి వాటి అవసరమే రాకపోవచ్చు. అన్నేళ్ల నిల్వ ఛార్జీలు మాత్రం కట్టాల్సిందే. అయితే క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టాల్సి వచ్చినా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, ఇంట్లో అమ్మకో అక్కకో నెలసరి త్వరగా ఆగిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇవి అడగండి

• డాక్టర్‌ని: నా వయసుకు, నా రిపోర్టులకు ఒక విడతలో ఎన్ని పక్వ అండాలు రావచ్చు? (ఏఎంహెచ్ రక్తపరీక్ష సంఖ్యను సూచిస్తుందే తప్ప నాణ్యతను చెప్పదు.) మీ దగ్గర కరిగించిన అండాలతో ఎందరికి పిల్లలు పుట్టారు?

• హెచ్ఆర్‌ని: మందులు, నిల్వ ఛార్జీలు కూడా ఇస్తారా? ఉద్యోగం మానేస్తే వాటిని ఎవరు కట్టాలి?

• మిమ్మల్ని మీరు: ఒక్కరా, ఇద్దరు పిల్లలా? ఎప్పటికి? ఇద్దరు కావాలంటే దాచాల్సిన అండాలూ పెరుగుతాయి.

కంపెనీ డబ్బిస్తోంది కదా అని తొందరపడొద్దు, నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడొద్దు. ఈ లెక్కలన్నీ చూసుకున్నాక నిర్ణయం మీరే తీసుకోండి.