పుట్టింటి దారి పట్టిన ఇనుము

మేస్త్రీ సుత్తితో జీపు చాసిస్‌ను మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ముందు చక్రాల వద్ద ఖంగుమని పలికిన ఇనుము, వెనుక కమాను కట్టల వద్దకు వచ్చేసరికి బీటలువారిన కుండవలె మూగగా పలికింది. మరొక్క దెబ్బ వేశాడు. సుత్తి లోపలికి దిగబడింది. దోసెడు ఎర్రని పొడి నేలపై రాలింది.

"బాబూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసింది ఇనుము కాదు, దానిమీది రంగు" అన్నాడు.

తండ్రి కాలంలో శ్రీకాకుళం నుండి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం ఆయనది. నా జీపును అంతకు రెండేళ్ళ క్రితం వేరొకచోట బాగుచేయించాను. అక్కడివారు తుప్పు రంధ్రంపై పలుచని రేకు అతికి, పుట్టీ పూసి, నల్లరంగు వేశారు. ఆ ముసుగు క్రింద తుప్పు తన పని తాను చేసుకుపోయింది. పిల్లలతో ధమ్తరి రోడ్డున వస్తుండగా బండి ఒక ప్రక్కకు లాగినట్లు తోచకపోయి ఉంటే, ఆ సంగతి ఏ మలుపులో బయటపడేదో తలచుకొనడానికే భయం.

తుప్పు పట్టడమంటే ఇనుము పుట్టింటికి పోవడమే. దల్లీ రాజహరా గనుల నుండి భిలాయి ఉక్కు కర్మాగారానికి చేరే ముడిఖనిజం ఇనుము, ఆక్సిజన్‌ల కలయిక. 1959 ఫిబ్రవరిలో అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది మొదలు జరుగుతున్న పని ఆ రెండింటినీ నిప్పుతో విడదీయడమే. నీరూ గాలీ తగిలితే అవి తిరిగి ఏకమౌతాయి. ఆ తుప్పు, తాను తినివేసిన ఇనుముకంటె ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు బొబ్బలెత్తిందంటే దాని అడుగున తుప్పు పొరలు ఉబ్బుతున్నాయని అర్థం.

జీపు చాసిస్ నేలకు సమాంతరంగా పరచిన నిచ్చెన వంటిది: రెండు పొడవాటి దూలాలు, వాటి నడుమ అడ్డపట్టీలు. ఛత్తీస్‌గఢ్ వరిపొలాల సీమ. జూన్ నడిమి నుండి సెప్టెంబరు దాకా పొలందారుల బురద ఆ దూలాల మూలలలో పేరుకొని, వాన వెలిసినా రోజుల తరబడి తడి ఆరదు. తెగులు లోపలినుండి మొదలౌతుంది. రంధ్రం పైకి కనబడే వేళకు దాని చుట్టూ జానెడు మేర లోహం పలుచబడి ఉండవచ్చు.

అందుచేతనే ఆయన వెల్డింగ్‌కంటె ముందు కోతకే ఎక్కువ సమయం వెచ్చించాడు. మొదట బ్యాటరీ తీగలు ఊడదీసి, పెట్రోలు టాంకును దింపి దూరంగా పెట్టించాడు. టాంకు ఖాళీదే గదా అన్నాను. నిండు టాంకుకంటె ఆవిరి నిండిన ఖాళీ టాంకే తేలికగా పేలుతుందని హెచ్చరించాడు. పిమ్మట చాసిస్ క్రింద దిమ్మెలు ఆనించి, మూలనుండి మూలకు కొలతలు వ్రాసుకొని, గ్రైండరుతో తెల్లగా మెరిసే ఇనుము బయటపడేవరకు కుళ్ళినదంతా కోసివేశాడు. తుప్పుపై వేసిన అతుకు పట్టదు. పట్టినట్లు కనబడుతుంది, అంతే.

పాత దూలమంత మందంగల ఉక్కుపట్టీనే కొత్తగా కోశాడు. దాని అంచులను నిలువుగా కాక ఏటవాలుగా మలిచాడు. దూలం వంగబోయినప్పుడు ఒత్తిడంతా పై అంచుమీద, క్రింది అంచుమీద పడుతుంది. నిలువు అతుకైతే ఆ భారమంతా ఒకే గీత వెంబడి నిలిచి, అక్కడే పగులుతుంది. అతుకు కూడ ఏకధాటిగా వేయలేదు. ఇక్కడొక అంగుళం, అక్కడొక అంగుళం వేసి, చల్లారనిచ్చి, చిట్టెం రాల్చి, మళ్ళీ కొలతలు చూసుకున్నాడు. వేడి ఒకేచోట కూడితే చాసిస్ మెలితిరుగుతుంది.

ఆ వెలుగును వట్టి కంటితో చూడవద్దని నన్ను దూరంగా నిలబెట్టాడు. చూసిన క్షణాన ఏమీ తెలియదు. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లు మండుతుంది.

అన్ని చాసిస్‌లనూ వెల్డింగ్ బ్రతికించలేదు. రెండు దూలాలూ పొడవునా పలుచబడితే అతుకు వేయడానికి గట్టి ఇనుమే మిగలదు. చాసిస్ నంబరు చెక్కిన భాగం బండికి చట్టం గుర్తించే ఆనవాలు. రవాణా శాఖ అధికారులను సంప్రదించకుండా దానిని కోయించరాదు. సొంత బండికి పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించే వేళ తనిఖీ ఉంటుంది కాని, మీ సుత్తి ఏడాదికొకసారి పలకడం మేలు.

చివరకు రెడాక్సైడ్ పూసి, వెల్డింగ్ వేడికి రంగు మాడిన లోపలి గోడలకు నూనె చిమ్మి, నీరు జారే చిల్లులను శుభ్రం చేశాడు. ప్రతి వానకాలం తరువాత బురద కడిగించమన్నాడు. ఆపైన సుత్తి నా చేతికిచ్చి తట్టమన్నాడు.

ఖంగుమన్నది.