మైలు ఎత్తున బంతాట

అమెరికాలోని డెన్వర్ నగరంలో కూర్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం ఉంది. ఆట తెలియనివారు అక్కడికి వెళితే ముందు కుర్చీలను చూసి వింతపడతారు. పై అంతస్తులోని ఆకుపచ్చ కుర్చీల మధ్య ఒక్క వరస మాత్రం ఊదారంగులో ఉంటుంది. అది సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు, అంటే సరిగ్గా ఒక మైలు!

ఈ ఎత్తుకూ ఆటకూ సంబంధమేమిటి?

బేస్‌బాల్‌లో కొట్టిన బంతి నేల తాకకుండా కంచె దాటితే 'హోమ్ రన్'. మన సిక్సర్ వంటిదే. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. డెన్వర్ గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే సుమారు ఐదోవంతు తక్కువ. గాలి అడ్డు తగ్గితే బంతి మరింత దూరం పోతుంది.

బంతి విసిరేవాడికి ఇంకో చిక్కు. గిరగిర తిరిగే బంతి గాలిని ఒక పక్కకు నెడుతుంది. గాలి బంతిని రెండో పక్కకు నెడుతుంది. బంతి వంపు తిరిగేది అందుకే. పలచని గాలిలో ఆ వంపు తగ్గి, కొట్టేవాడికి పని సులువవుతుంది. సొంత జట్టు కొలరాడో రాకీస్‌కు మామూలుగా ఏటా 81 ఆటలు ఇక్కడే!

1995లో స్టేడియం తెరిచినప్పుడే కంచెలను దూరంగా కట్టారు. అయినా పరుగుల వరద ఆగలేదు. పొడిగాలికి ఎండిన బంతి బ్యాటు తగలగానే ఎక్కువగా ఎగురుతుంది. అందుకని 2002 నుంచి బంతులను తేమగదిలో ఉంచుతున్నారు. హోమ్ రన్‌లు తగ్గాయి. కాని పలచని గాలిని చిక్కబరచడం ఎవరి తరం?

మన ధర్మశాల క్రికెట్ మైదానం కూడా కొండలమీదే ఉంది. మరి అక్కడ సిక్సర్ల సంగతేమిటో ఆలోచించండి!