తింటున్నా చిక్కిపోతున్న గేదె

మనిషి వేళకు తింటూ కూడా చిక్కిపోతుంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. షుగరేమో, థైరాయిడేమో, క్షయేమో అని ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్షలు చేయిస్తారు. అదే గేదె చిక్కిపోతే మనం చేసే పని దాణా ఇంకో డబ్బా పెంచడం. అప్పటికీ తేరుకోకపోతే వయసు మీరిందనో, దిష్టి తగిలిందనో అనుకొని వచ్చిన ధరకు అమ్మివేస్తాము.

కంచన్‌బాగ్‌లో ఒక సభ్యుడు అలాగే తన గేదెను అమ్మడానికి సిద్ధపడ్డాడు. మూడో ఈత గేదె. ఈని ఐదు నెలలయింది. "సారూ, మేతకు తక్కువ చేస్తలేను. తొట్టి నాకినట్టు తింటది. అయినా బొక్కలు తేలినయి" అన్నాడు. సంఘం రిజిస్టరు తీసి చూస్తే, రెండు నెలల క్రితం పూటకు నాలుగున్నర లీటర్లు పోసిన గేదె మూడు లీటర్లలోపుకు దిగింది. ఒక్కరోజున తగ్గలేదు, వారం వారం కొంచెం కొంచెంగా తగ్గింది. పాలు తీసేవాడి కంటికి ఆనని ఈ తగ్గుదల రిజిస్టరులో వరుసగా కనిపిస్తుంది. సభ్యులు తమ పాస్‌బుక్కును డబ్బు లెక్కకే గాక ఇందుకు కూడా తిరగవేస్తూ ఉండాలి.

ఈనిన తొలి రెండు మూడు నెలల్లో గేదె కొంత తగ్గడం మాత్రం సహజమే. రోజుకు 10 లీటర్ల పాలు, 7 శాతం వెన్న అనుకుంటే, 700 గ్రాముల పైగా కొవ్వు పాలద్వారా బయటకు పోతుంది. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు పతాక స్థాయికి వస్తాయి, కాని మేత తినే శక్తి అంత త్వరగా పెరగదు. ఆ లోటును గేదె తన ఒంట్లోని కొవ్వును కరిగించి పూడ్చుకుంటుంది. పోషణకు ఒకటి, ఒకటిన్నర కిలోలు, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున దాణా పెడితే మూడో నెల దాటాక ఇది నిలదొక్కుకోవాలి. ఐదో నెలలో కూడా తుంటి ఎముకలు తేలుతున్నాయంటే తిన్నది వేరెక్కడికో పోతున్నదన్నమాట.

గడ్డి ఎక్కడిదని అడిగాను. మూసీ గడ్డి అన్నాడు. హైదరాబాదు పాడివారికి ఇది చెప్పనక్కరలేని సంగతి. నగరం నుంచి వచ్చే మురుగునీటితో మూసీ దిగువన ఏడాది పొడుగునా పారాగడ్డి పండిస్తూ వచ్చారు. ఇళ్ళు పెరిగి ఆ మళ్ళు తగ్గుతూ వస్తున్నా, మోపులు మాత్రం ఇంకా మన కొట్టాలకు చేరుతూనే ఉన్నాయి. ఎండాకాలంలో కూడా దొరికే పచ్చిగడ్డి కాబట్టి దాన్ని తప్పుపట్టి లాభం లేదు. అయితే అందులో నూటికి 75, 80 పాళ్ళు నీరే. 20 కిలోల మోపు వేస్తే గేదెకు దక్కే పొడిమేత నాలుగైదు కిలోలు. కడుపు నిండినట్టు కనిపిస్తుంది, అంతే. ఇది ఒక చిక్కు.

రెండవది అంతకంటె పెద్దది, కార్జపు జలగ. ఈ మాట చెప్పగానే ఆ సభ్యుడు నవ్వాడు. "మా బర్రె గడప దాటదు సారూ, చెరువు మొహం చూడలేదు. జలగ యాడికెల్లొస్తది?" చాలామంది ఇలాగే అనుకుంటారు. జలగ గేదె దగ్గరికి నడిచి రాదు, గడ్డిమోపుతో వస్తుంది.

జలగ గుడ్లు రోగపు పశువు పేడలో పడతాయి. ఆ పేడ నాలాలో కలిసి నీటికి చేరితే, రెండు మూడు వారాల్లో గుడ్డు పగిలి పిల్లక్రిమి బయటికి వస్తుంది. అది ఒక రోజు లోపల ఒక జాతి నీటినత్తలో దూరాలి, లేకపోతే చస్తుంది. దూరితే మాత్రం నత్త కడుపులో ఒకటి వందలవుతుంది. అవి నత్తను విడిచి నీటిని ఆనుకొని ఉన్న గడ్డికాడలకు అంటుకొని, చుట్టూ గట్టి పొర కట్టుకొని కూర్చుంటాయి. మురుగునీరు నిలిచే పారాగడ్డి మడిలో నత్తకూ, క్రిమికీ, కాడకూ లోటు లేదు. కొట్టంలో గేదె ఆ కాడను నమిలి మింగుతుంది. క్రిమి పేగు గోడను తొలుచుకొని కార్జానికి పోయి, వారాల తరబడి దాన్ని గాయపరుస్తూ తిరిగి, చివరకు పైత్యనాళాల్లో స్థిరపడుతుంది. అక్కడ ఆకులా చదునుగా, రెండు మూడు అంగుళాల దాకా పెరిగి రక్తం పీలుస్తుంది. తిన్న మేతలోని సారం ఆ నష్టం పూడ్చడానికే సరిపోతుంది.

ఆకలి చాలాకాలం బాగానే ఉంటుంది కనుకనే మోసపోతాము. వెంట్రుకలు బిరుసెక్కడం, కనురెప్ప లోపలి పొర పాలిపోవడం, అప్పుడప్పుడు పారుడు, ముదిరిన మీదట కింది దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడడం దీని గుర్తులు. దవడ వాపు దాకా ఆగితే కార్జం చాలావరకు చెడిపోయి ఉంటుంది.

ఆ గేదె పేడ పరీక్షలో జలగ గుడ్లు కనిపించాయి. డాక్టరుగారు మందు తాగించారు. పాలు మళ్ళీ మొదటి స్థాయికి రాలేదు, నిజం చెప్పాలి. కాని దిగుడు ఆగింది, ఒళ్ళు పట్టింది, మళ్ళీ చూడి కట్టింది. అమ్మకం మానుకున్నాడు.

మందు విషయంలో దుకాణం వాణ్ణి అడిగి తాగించవద్దు. జలగ మందులన్నీ ఒకటి కావు. కొన్ని పెద్ద జలగనే చంపుతాయి, పిల్ల జలగను వదిలేస్తాయి. ఆల్బెండజోల్ వంటివి చూడి తొలి నెలల్లో కడుపులోని దూడకు హాని చేస్తాయి. కొన్ని పాలలోకి దిగుతాయి, పాలిచ్చే పశువుకు వాడకూడనివి కూడా ఉన్నాయి. ఎన్ని రోజులు పాలు సంఘంలో పోయకూడదో డాక్టరుగారిని అడిగి, ఆ మాట కార్యదర్శికి చెప్పి రాయించండి. ఆ నాలుగు రోజుల నష్టానికి వెరచి పోస్తే ఆ పాలు అందరి పాలతో ఒకే క్యానులో కలుస్తాయి.

గడ్డిని కడిగినంత మాత్రాన క్రిమి పోదు, కాడకు గట్టిగా అంటుకొని ఉంటుంది. ఒక పూట వాడ్చినా చావదు. నీటికి జానెడు ఎత్తు వదిలి కోసిన గడ్డి కావాలని మోపులవాణ్ణి అడగవచ్చు. మొదళ్ళతో సహా కోసిన గడ్డి అయితే అడుగు భాగం నరికి పారవేయాలి. సగం మేత ఎండు చొప్ప, వరిగడ్డి ఉంటే అపాయమూ తగ్గుతుంది, పొడిమేత లోటూ తీరుతుంది. పేడను నాలాలోకి తోయకండి, కుప్పవేసి మాగనివ్వండి. మన నాలాలోకి పోయింది మూసీ గడ్డిమీద మన తొట్టికే తిరిగి వస్తుంది.

పేడలో జలగ గుడ్లు లేకుండా, మందుకు లొంగకుండా, ఆకలి ఉండీ నెలల తరబడి నీళ్ళ పారుడుతో కరిగిపోయే గేదెలు అరుదుగా ఉంటాయి. అది జోనీ వ్యాధి కావచ్చు. 1895లో జర్మనీలో గుర్తించిన ఈ జబ్బు క్షయ క్రిమి జాతికి చెందిన సూక్ష్మజీవి వల్ల వస్తుంది. దూడగా ఉన్నప్పుడే పేడ ద్వారా, పాల ద్వారా అంటుకొని ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. దీనికి పనికివచ్చే వైద్యం లేదు. ఆ పశువును దూడలకు దూరంగా కట్టి, పశువైద్యుని సలహా ప్రకారం నడుచుకోవాలి. ఇంకొకరి కొట్టానికి అమ్మడం న్యాయం కాదు.

పేడ నమూనాకు ఉదయం అప్పుడే వేసిన పేడ నిమ్మకాయంత చాలు. నేలకు తగలని భాగం తీసి, శుభ్రమైన మూతసీసాలో పెట్టి, గేదె గుర్తు రాసి, ఆ రోజే పశువుల ఆసుపత్రికి అందజేయండి. జలగ ఒంట్లో చేరిన సుమారు మూడు నెలలకు గాని గుడ్లు పెట్టదు. కనుక ఒకసారి ఏమీ లేదన్నా, గేదె చిక్కుతూనే ఉంటే నెల తిరిగాక మళ్ళీ పంపండి.