గొంతు మనది, పుస్తకం ఎవరిది?

కర్ణాటకలో రాయచూరు దగ్గరి ఇడపనూరు మాది. మా ఇంట్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో మాట తెలుగు, బడి కన్నడం. పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడతారు గానీ పుస్తకం చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేరు. "అత్తా, చదివి ఫోన్లో పెట్టవా, పడుకునేటప్పుడు వింటాం" అంటారు. చూపు పోయిన మా మేనమామ కోరేదీ అదే. అడిగేది ఒకటే అయినా చట్టం ఈ ఇద్దరినీ ఒకేలా చూడదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం పుస్తకం కొన్నంత మాత్రాన రచన మనదైపోదు. దాన్ని చదివి రికార్డు చేయడం, యూట్యూబులో పెట్టి నలుగురికీ వినిపించడం రచయిత హక్కులే. "పైసా తీసుకోవడం లేదు కదా" అంటే చెల్లదు. సభలో కొంత భాగం చదవొచ్చు, బళ్లో టీచరు చదివి వినిపించవచ్చు. నవలంతా చదివి ఊరి వాట్సాప్ గ్రూపులో పంచడానికి మాత్రం అనుమతి కావాలి.

మామ విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. వైకల్యం వల్ల మామూలు పుస్తకం చదవలేనివారి కోసం ఎవరైనా, రచయితను అడగకుండానే, చదివి రికార్డు చేసి ఇవ్వవచ్చని 2012 సవరణ చెబుతోంది. చూపులేని పాఠకుల కోసం 2013లో మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు, 2014లో, ఆమోదించింది మనమే. అయితే మామ కోసం చేసిన రికార్డింగు మామలాంటి వారి మధ్యే ఉండాలి, పిల్లల ఫోన్లకు పోకూడదు.

లిపి రాకపోవడం వైకల్యం కాదు కనుక పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. నాకు బాధ కలిగించేది ఇదే. సరిహద్దు ఊళ్లలోనైనా, ముంబైలోనైనా, అమెరికాలోనైనా అక్షరం నేర్వని తెలుగు పిల్లలకు వినడమే చదువు. వాళ్ల కోసం దారులు రెండున్నాయి.

మొదటిది, గడువు తీరిన పుస్తకాలు. రచయిత పోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు. ఆయన పుట్టిన గద్వాల ప్రాంతం మాకు పొరుగే. 1956 దాకా రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. మన పూర్వీకులు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో చెప్పే ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 2014 జనవరి నుంచి మన దేశంలో ఎవరైనా చదివి రికార్డు చేసుకోవచ్చు. 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 2019 నుంచి అందరిదీ. చలం రచనలకు 2039 చివరిదాకా, శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా ఆగాలి. కొత్త ముద్రణల్లోని ముందుమాటలకు వేరే హక్కుంటుంది, అవి వదిలేయాలి. కన్నడం నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకమైతే మూల రచయితవీ, అనువాదకుడివీ రెండు గడువులూ చూడాలి.

రెండోది, అడగడం. రచయితనో, వారసులనో, ఆడియో హక్కులు ప్రచురణకర్తకు ఇచ్చి ఉంటే వారినో అడిగి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది. ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియాకే పరిమితం. యూట్యూబులో పెట్టేవారు "ప్రపంచమంతటా" అని తప్పక రాయించుకోవాలి. చదివే మనిషికీ చట్టంలో చోటుంది. మన గొంతును మన ఒప్పుదల లేకుండా ఎవరూ వాడుకోకుండా 50 ఏళ్ల రక్షణ ఇచ్చింది.

తెలుగు రచయితలకు నాదొక విన్నపం. మీ తర్వాతి పుస్తకంలో హక్కుల పేజీలో ఒక్క వాక్యం చేర్చండి: పిల్లల కోసం, డబ్బు తీసుకోకుండా, నా పేరు చెప్పి ఎవరైనా దీన్ని చదివి వినిపించవచ్చు, రికార్డు చేసి పంచవచ్చు అని. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఆ అనుమతి ఇచ్చే అధికారం మీ చేతుల్లోనే ఉంది.