దొంగ తలపాగా

చలికాలంలో కోహీర్ వెళ్ళినవారు రెండింటిని మరిచిపోలేరు. ఒకటి ఎముకలు కొరికే చలి, రెండవది జామపండు. మా అమ్మాయి అత్తవారిల్లు అక్కడే. మొన్న నేను వెళ్ళేసరికి ఇంట్లో చిన్న తగాదా నడుస్తోంది. మనవడికి రెండో విడత టీకా వేయించవలసిన రోజు అది.

"మళ్ళా ఆ సూది ఎందుకు నాయనా? పోయినసారి రాత్రంతా జ్వరంతో ఏడ్చిండు. ఒక్కసారి ఏసింది చాలదా?" అంది అమ్మాయి.

"చాలదమ్మా" అంటూ ఎదుటి జామతోట చూపించాను. "ఆ తోటలో కోట్లమంది కాపలావాళ్ళున్నారనుకో. ఒక్కొక్కడికి ఒక్క దొంగ తలపాగా మాత్రమే ఆనవాలు. మన ఒంట్లో లింఫోసైట్లనే కణాలు అటువంటివే. రోగం రాకముందే ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని పట్టుకునేలా తయారై ఉంటుంది. తలపాగా కనబడితే దాని గుర్తెరిగినవాడే మేలుకుంటాడు. ఆ తలపాగానే యాంటిజెన్ అంటారు." ఈ ఎంపిక సంగతి 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ ప్రతిపాదించాడు.

తొడలో మందు పడగానే అక్కడి కణాలు కొన్ని యాంటిజెన్‌ను మింగి, ముక్కలు చేసి, గజ్జలోని లింఫు గ్రంథికి మోసుకుపోయి చూపిస్తాయి. గుర్తుపట్టిన టి కణం, అదే ఆనవాలు తెలిసిన బి కణానికి తోడ్పడుతుంది. ఆ బి కణం పదులై వందలై యాంటీబాడీలను తయారుచేస్తుంది. మొదటిసారి ఇందుకు వారం పదిరోజులు పడుతుంది. పని ముగిశాక కొన్ని కణాలు జ్ఞాపకంతో మిగిలిపోతాయి. రెండోసారి అదే తలపాగా కనబడితే అవి త్వరగా, మరింత బలంగా లేస్తాయి. అందుకే ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు విడతలు. జ్వరమంటారా, అది ఒళ్ళు మోగించిన తొలి గంట.

"తలపాగాతోపాటు దొంగ కూడా రాడు గదా అన్నా?" అంది వియ్యపురాలు.

మంచి ప్రశ్న. ఈ టీకాలో అయిదు రోగాలకు మందుంది. అందులో హెపటైటిస్-బి భాగంలో వైరస్ లేనేలేదు. దాని పైతొడుగు ప్రోటీను మాత్రమే ఉంది. ఆ ప్రోటీనును ఈస్టు కణాలచేత చేయిస్తారు. ఇలాంటి టీకాను మన దేశంలో తొలిసారి తయారుచేసి, 1997లో విడుదల చేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. స్థాపించిన వరప్రసాదరెడ్డిగారు దానికి తల్లి పేరే పెట్టుకున్నారు.

అప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పక తప్పలేదు. 1991లో కాలేయం చెడి పోయాడు. హెపటైటిస్-బి పసితనంలోనే సోకి ఉండవచ్చునన్నారు డాక్టర్లు. పసికందులకు సోకితే నూటికి తొంభైమందిలో అది ఒంట్లోనే తిష్ఠవేస్తుంది. మా అమ్మకు ఏ టీకా గురించీ ఎవరూ చెప్పలేదు. ఉన్నా, అప్పటి ధర మాకందేది కాదు.

అమ్మాయి మరి మాట్లాడలేదు. పిల్లవాడికి ఉన్ని టోపీ తొడిగింది. ఆసుపత్రిలో నర్సమ్మకు పోయినసారి జ్వరం సంగతి చెప్పాం. ఆవిడ ఎంత మందు, ఎప్పుడు పట్టాలో వివరించింది.

ఆ రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. అందరం వంతులవారీగా ఎత్తుకున్నాం. తెల్లవారి లేచి చూస్తే, గోడ క్యాలెండరులో నాలుగు వారాల తరువాతి తేదీ చుట్టూ ఎర్రసిరా సున్న ఉంది. చుట్టింది వియ్యపురాలు.