మంచు తినగా మిగిలిన కొండ

ఎత్తు లెక్కన ఇది గొప్ప కొండేమీ కాదు. సముద్రమట్టానికి 1,085 మీటర్లు, అంతే. మన పాడేరు, అరకు వైపు తూర్పు కనుమల్లో 1,600 మీటర్లు దాటిన కొండలున్నాయి. వాటి పక్కన నిలబెడితే ఇది చిన్నబోతుంది. కానీ మన కొండల వాలు మీద కాఫీ తోటలు పెరుగుతాయి, వలిసెలు పసుపుపచ్చగా పూస్తాయి, పశువులు పైదాకా మేసి పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాయి. వేల్స్ దేశపు వాయవ్య మూలనున్న ఈ కొండ మీద, శిఖరం దరిదాపుల్లో చెట్టన్నదే లేదు. ఒకచోట దారి సన్నబడి సన్నబడి, పాదం అడ్డంగా పెడితే మడమ ఒక లోయ మీదా వేళ్లు ఇంకో లోయ మీదా ఉన్నట్టుంటుంది.

కొండ పేరు అర్ విద్వ. ఇంగ్లీషువాళ్లు స్నోడన్ అన్నారు, ప్రపంచానికీ అదే అలవాటైంది. 2022లో అక్కడి జాతీయవనం వాళ్లు పాత వెల్ష్ పేరే వాడాలని తీర్మానించుకున్నారు. వేల్స్‌లో దీన్ని మించిన కొండ లేదు. ఎక్కడానికి సులువైన దారులు చాలానే ఉన్నాయి, రైలు కూడా ఉంది. మనం చెప్పుకోబోయేది ఆ దారుల గురించి కాదు. తూర్పువైపు నోరు తెరిచిన గుర్రపు లాడంలా ఒక కొండవెన్ను ఉంది. దాని ఒక కొసన ఎక్కి, నాలుగు శిఖరాలూ దాటి, రెండో కొసన దిగి బయల్దేరిన చోటికే చేరాలి. మొదట క్రీబ్ గోఖ్, 923 మీటర్లు. తర్వాత గర్నెద్ ఇగైన్, 1,065. తర్వాత పెద్దకొండ అర్ విద్వ. చివరికి లివెద్, 898. మొత్తం నడక పన్నెండు కిలోమీటర్లకు మించదు. చదును నేల మీదైతే రెండున్నర గంటల పని. ఇక్కడ ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

ఎందుకంత? కొండ మిగిలింది కొంచెమే కాబట్టి.

కొండలు పైకి పెరుగుతాయని మనం అనుకుంటాం. ఈ కొండకు ఇప్పుడున్న రూపం పెరగడం వల్ల రాలేదు, అరగడం వల్ల వచ్చింది. మంచుయుగాల్లో ఉత్తరానికీ తూర్పుకూ తిరిగిన నీడపట్టు గుంటల్లో మంచు చేరింది. ఎండాకాలంలోనూ కరగలేదు. ఏటికేడు పేరుకుని, తన బరువుకు తానే నలిగి గడ్డకట్టి, హిమానీనదమై మెల్లగా కదలడం మొదలుపెట్టింది. బండ పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బింది, ఉబ్బి రాయిని చీల్చింది. చీలిన రాయిని మంచు పట్టుకుపోయింది, పోతూ పోతూ ఆ రాయితోనే అడుగు గీకింది. అలా వేల ఏళ్లు. గుంట కాస్తా కోన అయింది, కోన వెనుకగోడ కొండలోపలికి జరిగింది. ఒక్కవైపే అయితే సరే. ఇక్కడ తూర్పున ఒకటి, ఉత్తరాన ఒకటి, పడమర ఒకటి, దక్షిణాన ఒకటి, కొండ చుట్టూ కోనలే. తాటికాయ చెక్కి, మూడు కళ్లలోంచి బొటనవేలితో ముంజెలు మూడూ లాగేశాక మధ్యలో పల్చటి గోడలు మిగులుతాయి చూడండి. ఆ గోడల మీద నడవడమే ఈ నడక. గోడలన్నీ కలిసేచోట పొడుచుకొచ్చిన మొన అర్ విద్వ శిఖరం.

చివరి మంచు కరిగిపోయి పదకొండు వేల ఏళ్లు దాటింది. అది తవ్విన గుంటల్లో ఇప్పుడు నీళ్లున్నాయి. లాడం లోపల మెట్టుమెట్టుగా రెండు సరస్సులు. 600 మీటర్ల ఎత్తున గ్లాస్లిన్, దాని కింద పొడవాటి లిన్ లిదావ్. గ్లాస్లిన్ నీటిలో నీలం పచ్చదనం ఒకటి కదులుతుంటుంది. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు రాగి గనులుండేవి. 1853లో గనివాళ్లు లిదావ్ సరస్సుకు అడ్డంగా రాళ్లకట్ట వేసుకున్నారు. ఈనాటికీ జనం దాని మీద నుంచే నడుస్తున్నారు. తూర్పు కనుమలకు ఈ మంచుకోత తగల్లేదు. ఎండా వానా కోట్ల ఏళ్లపాటు అన్నివైపులా సమంగా అరగదీశాయి. అందుకే అవి ఎత్తైనా గుండ్రంగా, ఒద్దికగా ఉంటాయి. ఎత్తును బట్టి కొండను గౌరవించడం మనకు అలవాటు. ఈ కొండను మాత్రం దాని సన్నదనాన్ని బట్టి గౌరవించాలి.

నడక మొదలయ్యేది 359 మీటర్ల ఎత్తున పెన్-అ-పాస్ కనుమలో. మొదటి గంట మామూలు రాళ్లబాటే. తర్వాత ఒక చిన్న కనుమ దగ్గర దారి చీలుతుంది. ఎడమది పెద్దదారి. కుడిది నిట్టనిలువుగా ఉన్న ఎర్రటి రాతికొసకు పోతుంది. కుడికి తిరిగిన పది నిమిషాలకే చేతికర్ర సంచిలోకి పోతుంది, చేతులు బయటికొస్తాయి. ఇక అక్కడి నుంచి మనిషి రెండుకాళ్ల జంతువు కాదు.

పైకి చేరాక క్రీబ్ గోఖ్ అసలు రూపం కనిపిస్తుంది. వందల మీటర్ల పొడవున విరిగిన అంచు. కుడివైపు, అంటే ఉత్తరాన, రాయి ఒక్కసారిగా తెగి కిందికి పోయింది. ఎడమవైపు కాస్త దయ చూపింది. వాలు ఏటవాలే గానీ పాదం ఆనే మెట్లున్నాయి. అలవాటైనవాళ్లు కొందరు అంచు మీదే నిటారుగా నడిచిపోతారు. మిగతావాళ్లు అంచుకు కొంచెం ఎడమగా కిందికి దిగి, అంచునే పట్టుకోవడానికి ఆసరా చేసుకుని పక్కకు జరుగుతారు. దీని గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లలో చాలామంది రెండో రకమే అని నా అనుమానం. తప్పు కాదు, తెలివైన పద్ధతి అదే. రాతిపట్టు బాగుంటుంది. ఇది నిప్పులోంచి పుట్టిన రాయి, కరకుగా చేతిని పట్టుకుంటుంది. తడిసినప్పుడు మాత్రం, అందులోనూ లక్షల బూట్లు రుద్ది నున్నగా చేసినచోట, ఆ స్నేహం ఉండదు. అంచు చివర మూడు రాతిబురుజులు అడ్డం నిలబడతాయి. వాటిని దాటాక గడ్డి మొలిచిన కనుమ వస్తుంది. కాళ్లు వణకడం అక్కడ కూర్చున్నాకే తెలుస్తుంది.

తడవకుండా ఉండే రోజులు ఇక్కడ తక్కువ. అట్లాంటిక్ మీదుగా వచ్చే మేఘాలకు దారిలో తగిలే గట్టి అడ్డు ఈ కొండలే. క్రీబ్ గోఖ్ మీద ఏడాదికి సగటున 4,400 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుందని లెక్క. మన రెండు తెలుగు రాష్ట్రాల సగటు ఒక్కోదానికి 1,000 లోపే. బ్రిటన్ మొత్తంలో అతి తడి చోట్లలో ఇదొకటి. ఆ వాననూ ఊరికే పోనివ్వలేదు. లిదావ్ నీటిని గొట్టాల్లోంచి లోయలోకి దించి కరెంటు తీసే కేంద్రం 1906 నుంచీ ఉంది. లివెద్ మీది నుంచి చూస్తే ఆ గొట్టాల వరుస కొండ ఒంటిమీద గీతలా కనపడుతుంది. అది కొండ అందాన్ని చెడగొట్టిందనేవాళ్లు ఉన్నారు. నూరేళ్లు దాటి వానతో దీపాలు వెలిగిస్తున్నదాన్ని తిట్టబుద్ధి కాదు.

మబ్బు కూడా ఒక్కోసారి వరమిస్తుంది. లోయ నిండా పొగమంచు పట్టి, అంచు మీద మాత్రం ఎండ కాస్తున్నప్పుడు, సూర్యుణ్ని వీపుకు పెట్టుకుని కిందికి చూడాలి. మబ్బు మీద ఒక పెద్ద నీడ లేచి నిలబడుతుంది, తల చుట్టూ రంగుల వలయాలతో. చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది. జర్మనీలోని ఒక కొండ పేరు మీద దీన్ని బ్రోకెన్ భూతం అంటారు. మబ్బులోని సన్నటి నీటిబిందువులు వెలుగును వచ్చినదారినే వెనక్కి విసరడం వల్ల ఆ వలయాలు పుడతాయి. ఇందులో ఒక తమాషా ఉంది. పక్కపక్కన నలుగురు నిలబడినా ఎవరికి వారికి తన తల చుట్టే వలయం కనిపిస్తుంది. మనలో ప్రతి ఒక్కరినీ దేవుణ్ని చేసి, పక్కవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంచుతుంది.

గర్నెద్ ఇగైన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వేల్స్‌లో రెండో ఎత్తైన శిఖరమై ఉండీ మొదటిదాని పక్కనే పుట్టడం దాని దురదృష్టం. అక్కడి నుంచి దిగగానే రైలుపట్టా ఎదురవుతుంది. పళ్లచక్రాలతో కొండెక్కే ఆ రైలు 1896లో మొదలైంది. రెండు మూడు గంటలు రాతిని కౌగిలించుకుని వచ్చినవాడికి, శిఖరం మీద పసిపిల్లలూ కుక్కపిల్లలూ చెప్పులేసుకున్న కుర్రాళ్లూ ఎదురవుతారు. సెలవుల్లో అయితే కొసమెట్టు మీద ఫొటోకు వరుసలో నిలబడాలి. ఏటా ఐదు లక్షల మందికి పైగా ఎక్కుతున్న కొండ ఇది. చిరాకు పడనక్కర్లేదు. వరుసలో నిలబడి కాళ్లకింద రాయిని చూడండి. శిఖరపు రాయిలో సముద్రపు గవ్వల అచ్చులున్నాయి. దాదాపు 45 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రముండేది, దానిలో అగ్నిపర్వతాలు పేలేవి. బూడిద నీళ్లలో పడి పొరలుగా పేరుకుంది, గవ్వజీవులు ఆ బూడిదలోనే సమాధి అయ్యాయి. తర్వాత ఖండాలు ఢీకొని ఆ పొరలు ముడతలు పడ్డాయి. ఈ శిఖరం ముడత నెత్తిన లేదు, ముడత పల్లంలో ఉంది. పల్లంలో నొక్కుకుపోయి గట్టిపడిన రాయి నిలిచింది, ఇరుపక్కల మిట్టలు కొట్టుకుపోయాయి. ఒకప్పటి అడుగే ఇప్పటి శిఖరం.

జనం మాత్రం వేరే కథ చెప్పుకున్నారు. ఇక్కడ హ్రీత అనే రాక్షసుడు ఓడిన రాజుల గడ్డాలతో అంగీ కుట్టించుకునేవాడట. ఆర్థర్ రాజు గడ్డం కూడా అడిగాడు, ఆర్థర్ చేతిలో చచ్చాడు, అతని మీద పేర్చిన రాళ్లగుట్టే ఈ శిఖరం. శిఖరం నుంచి లివెద్ వైపు దిగే కనుమకు బాణాల కనుమ అని పేరు. ఆర్థర్ తన చివరి యుద్ధంలో పడిపోయింది అక్కడేనని, అతని వీరులు లివెద్ కొండచరియలోని గుహలో ఇంకా నిద్రపోతున్నారని అంటారు.

ఆ దిగుడు మాత్రం కథలంత కమ్మగా ఉండదు. కాలికింద రాళ్లు జారుతూనే ఉంటాయి, మోకాళ్లు మొరపెట్టుకుంటాయి. క్రీబ్ గోఖ్‌ను దాటామన్న ధీమాతో చాలామంది ఇక్కడే కాలు జారతారు. తర్వాత లివెద్. దాని ఉత్తరపు చరియ సరస్సు వైపు సుమారు 300 మీటర్లు తెగిపడి ఉంటుంది. బ్రిటన్‌లో తాళ్లు కట్టుకుని బండలెక్కే విద్య ఎదిగిన చోట్లలో ఇదొకటి. 1909లోనే ఈ ఒక్క చరియ మీది దారుల కోసం ఒక పుస్తకం అచ్చయింది. ఎవరెస్ట్ మీద 1924లో మాయమైన జార్జ్ మాలరీ కుర్రతనంలో ఇక్కడ ఎక్కేవాడు. 1953లో ఎవరెస్ట్‌ను గెలిచిన బృందం కూడా ముందు ఈ కొండల దగ్గరి పెన్-అ-గూరిద్ హోటల్‌లో దిగి ఆక్సిజన్ పరికరాలు సరిచూసుకుంది. వాళ్ల సంతకాలు ఆ హోటల్ లోకప్పు మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ మహాశిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ యవ్వనంలో సర్వే పని మీద మన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో తిరిగాడు. ఆ అడవి జ్వరం అతన్ని ఎంత కుంగదీసిందంటే, 1820లో కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు ఓడెక్కాల్సి వచ్చింది.

ఈ కొండ మీద ప్రాణం పట్టుకుని ఉన్నవి కొన్ని ఉన్నాయి. నల్లటి ఒంటికి ఎర్రటి ముక్కూ ఎర్రటి కాళ్లూ ఉన్న చఫ్ అనే కాకిజాతి పక్షి గాలిలో పల్టీలు కొడుతుంది. అడవి థైమ్ ఆకులు తినే ఇంద్రధనుస్సు రంగుల పురుగు బ్రిటన్‌లో ఎరరి అని వెల్ష్‌వాళ్లు పిలిచే ఈ కొండలు దాటి కనిపించదు. అన్నిటికంటే నాజూకైనది స్నోడన్ లిల్లీ. తెల్లటి రేకుల మీద ఊదారంగు ఈనెలు, దారమంత ఆకులు. పదిహేడో శతాబ్దం చివర ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు దీన్ని గుర్తించాడు. హిమాలయాల్లో, ఆల్ప్స్‌లో, ఆర్కిటిక్ నేలల్లో ఉన్న ఈ మొక్క బ్రిటన్‌లో మాత్రం ఎరరిలోనే ఉంది. మంచు వెనక్కి తగ్గుతూ వదిలేసి వెళ్లిన మొక్క ఇది. గొర్రెల నోరు అందని ఉత్తరపు చరియల్లో, గోరువెడల్పు మట్టిలో దుంప దించుకుని జూన్ ప్రాంతాల్లో పూస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ చల్లటి చోటు కోసం ఇలాంటి మొక్కలు పైపైకి జరగాలి. 1,085 మీటర్ల కొండ మీద జరగడానికి పైన ఏముంది?

బ్రిటన్‌లో చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు సెలవు దొరికితే ఈ కొండకు బయల్దేరుతుంటారు. వాళ్లకు ఒక మాట. మొదటిసారైతే పెద్దదారినే ఎక్కండి, చీలిక దగ్గర కుడికి తిరగొద్దు. ముందువాళ్లు వెళ్తున్నారు కదా అని వెనకే పోవద్దు. లాడం చుట్టాలనుకుంటే గాలి లేని పొడి రోజు చూసుకుని, తెలిసినవాళ్లతో పొద్దున్నే మొదలుపెట్టండి. చలికాలంలో అంచు గడ్డకట్టినప్పుడు అది నడకదారి కాదు, మంచుగొడ్డలి వాడటం తెలిసినవాళ్ల దారి. పెన్-అ-పాస్‌లో కారు ఆపాలంటే ముందే బుక్ చేసుకోవాల్సి రావచ్చు, లేకపోతే కింది ఊళ్ల నుంచి బస్సు ఉంది. ప్రమాదం జరిగితే 999 కొట్టి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. అప్పుడు చీకట్లో, వానలో పైకి వచ్చేవాళ్లు జీతం లేని స్థానిక వాలంటీర్లు. చేసిన సాయానికి వాళ్లు ఒక్క పౌండు కూడా అడగరు.